అన్నం పెడతాం, చోటు ఇవ్వం

మదురై రైల్వే జంక్షన్ నుంచి బయటికి రాగానే ఎదురుగా ఒక పాత సత్రం ఉంది. మంగమ్మ సత్రం. మదురైని ఏలిన తెలుగు నాయక వంశపు కోడలు రాణి మంగమ్మ పేరున్న సత్రం అది. 1689లో పసివాడైన మనవడి తరఫున ఆమె రాజ్యభారం ఎత్తుకుంది. సుమారు పదిహేనేళ్ళు మోసింది. ఆమె చేసిన యుద్ధాలు, నడిపిన రాయబారాలు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. జనం నోట మిగిలినవి మాత్రం వేరు. ఆమె వేయించిన బాటలు, బాటల పక్కన నాటించిన చెట్లు, చలిపందిళ్ళు, సత్రాలు. తమిళనాడు దక్షిణ జిల్లాల్లో కొన్ని పాత దారులను ఇప్పటికీ మంగమ్మ సాలై అనే పిలుస్తారు.

సత్రం చేసే పని ఏమిటి? రెండే పనులు. దారిన పోయేవాడికి అన్నం పెట్టడం. రాత్రి పడుకోవడానికి చోటివ్వడం. అన్నం, చోటు. ఈ రెండు మాటలూ కాస్త గుర్తుంచుకోండి. ఈ ప్రసంగం అంతా ఆ రెండింటి చుట్టూనే తిరుగుతుంది.

పాతకాలం అంతా బంగారం అనుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో సత్రాల్లో పంక్తి భేదాలు ఉండేవి. ఎవరికి లోపల వడ్డించాలి, ఎవరిని బయట కూర్చోబెట్టాలి అన్నది కులం తేల్చేది. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. అన్నం పెట్టడం ఎంత పుణ్యమో, చోటివ్వడమూ అంతే పుణ్యం అని ఆ కాలం నమ్మింది. ఆ రెండో సగం ఇప్పుడు ఎక్కడ జారిపోయింది?

ఈ రోజు మదురైలో రాత్రి పదకొండు దాటాక జంక్షన్ చుట్టుపక్కల వీధుల్లో నడిచి చూడండి. మూసిన దుకాణాల అరుగుల మీద మనుషులు పడుకొని ఉంటారు. చెప్పులు కాళ్ళ దగ్గర ఉండవు, తల కింద ఉంటాయి. కాళ్ళ దగ్గర పెడితే తెల్లారేసరికి ఉండవు కదా! చిరిగిన సంచీని తాడుతో మణికట్టుకు కట్టుకుంటారు. ఆడమనిషి ఒక్కతే అయితే దీపం ఉన్నచోటే వెతుక్కుంటుంది. దీపం కింద నిద్ర పట్టదు, చీకట్లో భయం పోదు. ఇక దుకాణం తెరిచే వేళకు లేవాలి. కొంతమంది యజమానులు లేపుతారు. కొంతమంది లేపరు, నీళ్ళు చల్లుతారు.

అదే యజమాని శుక్రవారం నాడు పొట్లాలు కట్టించి పులిహోర పంచుతాడు. ఇది ఎత్తిపొడుపు కాదు. అతను నిజంగానే దయగల మనిషి. కానీ అతని దయ కడుపు దగ్గర ఆగిపోయింది.

మదురై లాంటి ఊళ్ళలో అన్నానికి మరీ కరువు లేదు. గుళ్ళలో అన్నదానం ఉంది. 2013లో మొదలైన అమ్మ ఉణవగం క్యాంటీన్లు మదురైకీ కోయంబత్తూరుకీ వచ్చాయి. ఇడ్లీ ఒక రూపాయి. సాంబారన్నం అయిదు రూపాయలు. పెరుగన్నం మూడు రూపాయలు. రూపాయికి ఇడ్లీ దొరికే ఊళ్ళో, బస్టాండు మరుగుదొడ్డికి అంతకంటే ఎక్కువ చెల్లించాలి. తినడం చవక, తిన్నాక జరగవలసింది ఖరీదు. చోటు సంగతి ఇక్కడే మొదలవుతుంది.

అన్నం గురించి మదురై నుంచి ప్రపంచమంతా విన్న కథ ఒకటి ఉంది. నారాయణన్ కృష్ణన్ అనే యువకుడు పెద్ద హోటల్లో వంట పని చేసేవాడు. 2002లో సొంత ఊరు మదురైకి వచ్చినప్పుడు ఒక ముసలాయన ఆకలికి తట్టుకోలేక తన మలమే తింటూ కనిపించాడు. కృష్ణన్ ఉద్యోగం మానేశాడు. మరుసటి సంవత్సరం అక్షయ ట్రస్టు పెట్టాడు. రోజూ వండి, వ్యాన్లో ఊరంతా తిరిగి పెట్టడం మొదలుపెట్టాడు. 2010లో అమెరికా టీవీ సంస్థ సి.ఎన్.ఎన్. ఆ ఏటి పదిమంది హీరోల్లో ఒకడిగా అతన్ని ఎంచింది. మలయాళం సినిమా ఉస్తాద్ హోటల్‌లో అతని పేరుతోనే ఒక పాత్ర ఉంది. ఆ సినిమా జనతా హోటల్ పేరుతో తెలుగులోకీ వచ్చింది.

ఆ కథలో జనానికి గుర్తున్నది అన్నం. గమనించవలసింది ఇంకొకటి. అతను జేబులో దువ్వెన, కత్తెర పెట్టుకు తిరిగేవాడు. అన్నం పెట్టిన మనిషికి జుట్టు కత్తిరించేవాడు. గడ్డం గీసేవాడు. వీధిలో పడి ఉన్న మనిషిని చేత్తో తాకడం అన్నమాట. పొట్లం అందించడానికి తాకనక్కర్లేదు, చేయి చాపితే చాలు.

ఇప్పుడు కోయంబత్తూరు వెళ్దాం.

కోయంబత్తూరులో తెలుగువాళ్ళు అనగానే మనకు మిల్లులు గుర్తొస్తాయి. లక్ష్మీ మిల్స్ పెట్టిన కుప్పుస్వామి నాయుడు గుర్తొస్తాడు. యంత్రాల జి.డి. నాయుడు గుర్తొస్తాడు. పి.ఎస్. గోవిందస్వామి నాయుడి కొడుకులు నలుగురు ఆస్తిని అయిదు వాటాలు చేసి, అయిదో వాటా ధర్మానికి రాసిచ్చిన సంగతి ఆ ఊళ్ళో పెద్దలు గర్వంగా చెప్పుకుంటారు. 1926 నాటి మాట అది. బళ్ళు, కాలేజీలు, ఆసుపత్రి ఆ వాటాలోంచే పుట్టాయి. చెప్పుకోదగ్గ సంగతే.

అయితే అదే ఊళ్ళో ఇంకో తెలుగు ఉంది. తెల్లవారకముందే చీపుళ్ళు పట్టుకొని రోడ్డెక్కే తెలుగు. కోయంబత్తూరు వీధులు ఊడ్చేవాళ్ళలో, కాలవలు తీసేవాళ్ళలో ఎక్కువమంది అరుంధతీయులు. వాళ్ళలో చాలామందికి ఇంట్లో మాట తెలుగే. ఆ తెలుగుకు రాత రాదు. బళ్ళో చదువు తమిళం, వీధిలో తమిళం. ఇంట్లో అమ్మతో, అవ్వతో మాత్రం తెలుగు. బహుశా ఈ ప్రసంగాన్ని వాళ్ళలో ఎవరైనా వింటూ ఉండవచ్చు. వినడానికి అక్షరాలు అక్కర్లేదు కదా.

కోయంబత్తూరు ఉక్కడంలో సి.ఎం.సి. కాలనీ అని ఒకటి ఉంది. తరతరాలుగా కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికులు ఉంటున్న చోటు. ఉక్కడం కూడలిలో పెద్ద వంతెన కట్టాలన్నారు. వంతెన అవసరమే. అక్కడ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాళ్ళెవరూ కాదనరు. వంతెనకు దారి కోసం ఆ కాలనీ ఇళ్ళు ఖాళీ చేయించారు. కొత్త ఇళ్ళు కట్టిస్తామన్నారు. అంతదాకా తాత్కాలికంగా రేకుల ఇళ్ళు.

తాత్కాలికం అన్న మాట ప్రభుత్వ కాగితం మీద చిన్నది. రేకు కింద అది చాలా పెద్దది. మిట్టమధ్యాహ్నం రేకు కింద నిలబడితే నెత్తి మాడుతుంది. వాన పడితే పక్కమనిషి మాట వినపడదు. తెల్లారి నాలుగింటికి డ్యూటీకి లేవవలసిన ఆడమనిషి, రాత్రి ఎన్నింటికి పడుకుంటే ఆ వేడిలో నిద్ర పడుతుంది? కుటుంబాలు అలా ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, ఏళ్ళ తరబడి కొత్త ఇళ్ళ కోసం ఎదురుచూశాయి. వంతెన 2024 ఆగస్టులో ప్రారంభమైంది. ఊరంతా బండ్లెక్కి చూడబోయింది.

ఇక్కడ ఒక ప్రశ్న. ఆ రేకుల కింద ఉన్నవాళ్ళను ఇల్లులేనివాళ్ళు అనాలా వద్దా? ప్రభుత్వ లెక్కలో అనకూడదు. పైన రేకు ఉంది కాబట్టి కప్పు ఉన్నట్టే. కానీ చోటు అంటే కప్పు ఒక్కటే కాదు. రేపు కూడా ఇక్కడే ఉంటాను అన్న ధైర్యం చోటు. అది లేనివాడికి కప్పు ఉన్నా నీడ లేనట్టే. ఊరు ఊడ్చేవాళ్ళకు ఊళ్ళో చోటు దొరక్కపోవడం తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

ఇలాంటి తెలుగు మాటే వినిపించే గుంపు మరొకటి ఉంది. గంగిరెద్దులవాళ్ళు. తమిళంలో వీళ్ళను పూమ్ పూమ్ మాట్టుక్కారర్ అంటారు. డోలు మోగితే తల ఊపే ఎద్దును పట్టుకొని సంక్రాంతికి ఇంటింటికీ వస్తారు. తమిళనాడులో తిరిగే ఈ గుంపుల ఇంటి భాష తెలుగు. పండగ పూట గంగిరెద్దు వాకిట్లోకి వస్తే పిల్లలకు సంబరం. పాత చీర ఇస్తాం. చేటలో బియ్యం పోస్తాం. ఫోటో తీసుకుంటాం. అదే మనిషి మర్నాడు వచ్చి, అయ్యా, మీ వెనకగది అద్దెకిస్తారా అంటే?

మళ్ళీ అదే సంగతి. అన్నం పెడతాం, చోటు ఇవ్వం.

వాళ్ళు ఊరి చివర, చెరువు గట్టున, పోరంబోకులో గుడారాలు వేసుకుంటారు. చిరునామా లేదు కాబట్టి కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి ఇంటి పట్టా లేదు. పట్టా లేదు కాబట్టి చిరునామా లేదు. ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే వచ్చి ఆగుతుంది. కుల ధ్రువపత్రం కోసం తండ్రి తిరిగిన కార్యాలయం చుట్టూనే కొడుకూ తిరుగుతుంటాడు.

2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు నాగపట్నం తీరంలో ఈ గుంపుల సంగతి బయటపడింది. సముద్రం అందరినీ కొట్టింది. సాయం మాత్రం పేరు రాసి ఉన్నవాళ్ళకే అందింది. పేరు రాసుకోవడానికి ఊరు లేని గంగిరెద్దులవాళ్ళ పిల్లలు రోడ్డు మీద చేయి చాపుతూ కనిపించారు. సహాయ పనికి అక్కడికి వెళ్ళిన రేవతి అనే ఆవిడ ఆ పిల్లల కోసం అక్కడే ఉండిపోయింది. వానవిల్ అని బడి పెట్టింది. వానవిల్ అంటే ఇంద్రధనుస్సు. ఆ బడికి అనుబంధంగా పిల్లలు ఉండే వసతి కూడా ఉంది. పలకా బలపం ఇచ్చి పంపేస్తే ఆ పిల్లలు సాయంత్రానికి మళ్ళీ బస్టాండులో ఉంటారని ఆవిడ గ్రహించింది. మొదట చోటు, తర్వాత చదువు.

జనం ఏమనుకుంటారు? ఈ విషయం కాస్త నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. వీధిలో ఉన్న మనిషిని చూడగానే మనకు రెండు మాటలే తడతాయి. ఒకటి, అయ్యో పాపం. రెండు, పని చేసుకోవచ్చు కదా. మొదటి మాటకు పొట్లం వస్తుంది. రెండో మాటకు లాఠీ వస్తుంది.

ఆ రెండో మాటలో నిజమెంత? మదురై మాట్టుతావణిలో పూల మార్కెట్టు, కూరగాయల మార్కెట్టు ఉన్నాయి. లారీలు అర్ధరాత్రి దాటాక వస్తాయి. మూటలు దించే మనిషి అప్పుడు అక్కడ ఉంటేనే కూలి దొరుకుతుంది. వానొచ్చినా, ఎండొచ్చినా అతను మార్కెట్టు అరుగు మీదే పడుకుంటాడు. బద్ధకం వల్ల కాదు, పని వల్ల. పని ఎక్కడో పడక అక్కడ. పెళ్ళిపందిట్లో గిన్నెలు తోమేవాళ్ళు, చిత్తుకాగితాలు ఏరేవాళ్ళు, హోటల్లో టేబుళ్ళు తుడిచేవాళ్ళు, ఇలా వీధిలో పడుకునేవాళ్ళలో చాలామంది పగలంతా మనకు పని చేసిపెట్టేవాళ్ళే. పగలు చూస్తే వాళ్ళను గుర్తుపట్టలేం, అంతే.

పెద్దవాళ్ళు ఊరికి వస్తున్నారంటే ఆ అయ్యో పాపం కూడా ఆవిరైపోతుంది. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ సదస్సు జరిగింది. అమెరికా అధ్యక్షుడి కూతురు వచ్చింది. దానికి ముందు నగరంలో రెండు నెలలు బిచ్చమెత్తడం నిషేధం అన్నారు. దొరికినవాళ్ళను చెంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ళ ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఆ తర్వాత, బిచ్చగాణ్ణి చూపించినవాళ్ళకు అయిదువందల రూపాయల బహుమతి అని జైళ్ళ శాఖ ప్రకటించింది. నగరంలో నోళ్ళు నొక్కుకున్నవాళ్ళు కొందరు. బాగుందన్నవాళ్ళు ఎందరో.

కోయంబత్తూరు దగ్గర ఇంకా దారుణం జరిగింది, కొన్నేళ్ళ కిందట. దిక్కులేనివాళ్ళకు సేవ చేస్తాం అంటూ కొందరు నగరంలో రోడ్ల మీద ఉన్నవాళ్ళను బండ్లెక్కించి, తొండాముత్తూరు వైపు ఒక భవనంలో పెట్టారు. గుండ్లు గీశారు. లోపలివాళ్ళు కేకలు పెడితే చుట్టుపక్కల ఊరివాళ్ళు గుమిగూడారు. అధికారులు వచ్చి విడిపించారు. అరెస్టులు జరిగాయి. తమకు ఇల్లూ వాకిలీ ఉన్నాయని, తమను ఎందుకు పట్టుకొచ్చారని కొందరు మొత్తుకున్నారు. అంటే ఏమిటి? నలిగిన చొక్కా, మాసిన గడ్డం ఉంటే చాలు. అడగకుండా ఎత్తుకుపోవచ్చు అనుకునే ధైర్యం ఎవరికైనా వస్తుంది. ఆ రోజు మెచ్చుకోవలసింది ఆ కేకలు విని కదిలిన ఊరివాళ్ళను.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. తమిళనాడులో బిచ్చమెత్తడాన్ని నేరంగా చూసే చట్టం 1945 నాటిది. తెల్లదొరల కాలపు చూపు అది. 2021లో బిచ్చమెత్తేవాళ్ళను వీధుల్లోంచి తొలగించాలని ఒకరు సుప్రీంకోర్టుకు వెళితే, కోర్టు ఒప్పుకోలేదు. ఎవరూ ఇష్టపడి బిచ్చమెత్తరని, ఇది పేదరికం సమస్య అని చెప్పింది. అంతకుముందు 2010లోనే, పెద్ద నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక బస కేంద్రం ఉండాలని, అది ఏడాది పొడవునా తెరిచి ఉండాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. చలికాలంలో రెండు నెలలు కాదు. ఏడాది పొడవునా.

మదురైలో, కోయంబత్తూరులో కార్పొరేషన్ బస కేంద్రాలు ఉన్నాయి. మరి అరుగుల మీద ఎందుకు పడుకుంటారు అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. మొగుడూ పెళ్ళాం వెళితే ఆడా మగా వేరు గదులు. ఎవరూ లేని ముసలిజంటకు ఒకరికొకరే దిక్కు, వాళ్ళను రాత్రికి విడదీస్తే వస్తారా? మూటలు దించేవాడు అర్ధరాత్రి లేచి వెళ్ళాలంటే గేటు తీస్తారా? పెంచుకున్న కుక్కను ఎక్కడ వదలాలి? కేంద్రం మార్కెట్టుకు ఎంత దూరం? ఇవి చిన్న ప్రశ్నలే. కట్టిన భవనం నిండేదీ ఖాళీగా ఉండేదీ మాత్రం వీటి మీదే.

మతిస్థిమితం తప్పి వీధిలో తిరిగేవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. రామనాథపురం జిల్లా ఏర్వాడి పేరు మదురై వైపువాళ్ళు మరిచిపోలేరు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక ప్రైవేటు ఆశ్రమంలో మంటలు లేచాయి. లోపలివాళ్ళు గొలుసులతో కట్టి ఉన్నారు. 28 మంది చనిపోయారు. వాళ్ళకు అన్నం పెట్టేవాళ్ళు ఉన్నారు. కప్పు కూడా ఉంది. కానీ కాలికి గొలుసు. చోటు పేరుతో గొలుసు వేయకూడదని ఆ మంటలు చెప్పాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ఇలాంటి మనిషి వీధిలో కనిపిస్తే పోలీసులు ఇరవైనాలుగు గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. లాకప్పులో పెట్టకూడదు. మీరు పోలీసుకు ఫోను చేస్తే, ఆసుపత్రికే తీసుకెళ్ళండి, చట్టం అలాగే చెబుతోంది అని అనవచ్చు. అనాలి కూడా.

కోయంబత్తూరులో ఈర నెంజం అనే సంస్థ ఇంకో పని చేస్తోంది. వీధిలో దొరికిన మనిషి ఫోటోను ఫేసుబుక్కులో పెట్టి, వాళ్ళ ఇంటివాళ్ళను వెతికి అప్పగిస్తోంది. దారి తప్పినవాళ్ళకు ఇది వరం. ఇంటివాళ్ళే బస్సెక్కించి వదిలేసినవాళ్ళకు మాత్రం ఏ ఫోటో ఏం చేస్తుంది?

2020 వేసవిలో మదురైలోనే ఒక వింత జరిగింది. లాక్‌డౌన్‌లో అధికారులు వీధిలోవాళ్ళను తాత్కాలిక ఆశ్రయాలకు చేర్చారు. వాళ్ళలో తూత్తుక్కుడి జిల్లా నుంచి వచ్చిన ఒక ముసలి యాచకుడు ఉన్నాడు. ఆయన తర్వాత బిచ్చమెత్తి పోగుచేసిన పదివేల రూపాయలు తీసుకొని నేరుగా కలెక్టరు కార్యాలయానికి వెళ్ళాడు. కరోనా సహాయ నిధికి ఇచ్చాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. ఆగస్టులో కలెక్టరు ఆయన్ను సత్కరించాడు. అంతకుముందు ఆయన తన బిచ్చం డబ్బుతో బళ్ళకు కుర్చీలు, బల్లలు కొనిచ్చేవాడట. పత్రికలన్నీ రాశాయి. దేశమంతా మెచ్చుకుంది. ఆయన గుణం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం ఎందుకు? వీధిలో ఉన్నవాడికి ఇచ్చే గుణం ఉండదని మనం ముందే తీర్మానించుకున్నాం కాబట్టి.

మళ్ళీ చోటు సంగతికి వద్దాం. ఫిన్లాండు అనే చలిదేశం 2008 నుంచి ఒక పద్ధతి పట్టుకుంది. ముందు మారు, తాగుడు మాను, పని వెతుక్కో, ఆ తర్వాత ఇల్లు అనడం మానేసింది. ముందు ఇల్లు, మిగతావి తర్వాత అంది. అక్కడ ఇల్లులేనివాళ్ళ సంఖ్య బాగా తగ్గింది. మన ఊళ్ళకు అంత డబ్బు లేదు అనవచ్చు. నిజమే. కానీ వరస మార్చడానికి డబ్బు అక్కర్లేదు.

చివరిగా ఒక పనికొచ్చే సంగతి. జనాభా లెక్కలప్పుడు ఇల్లులేనివాళ్ళను లెక్కపెట్టడానికి ఒకే ఒక్క రాత్రి ఉంటుంది. 2011లో అది ఫిబ్రవరి 28 రాత్రి. గుళ్ళ మండపాలు, ప్లాట్‌ఫారాలు, వంతెనల కింద, మెట్ల కింద, రోడ్డు పక్కన పడేసిన సిమెంటు గొట్టాల్లో వెతికి రాసుకున్నారు. దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేల పైచిలుకు తేలారు. ఆ రాత్రి కనపడనివాళ్ళు లెక్కలో లేరు. ఏ ఊళ్ళో ఎందరికి బస కావాలి అన్నది ఆ లెక్క చూసే తేలుస్తారు. వచ్చే జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని ప్రమాణంగా కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. మీ వీధిలో ఎవరు ఎక్కడ పడుకుంటారో లెక్కలు రాసే టీచరుకు తెలియదు. మీకు తెలుసు. ఏ అరుగు, ఏ మెట్టు, చెరువు గట్టున ఎన్ని గుడారాలు, అన్నీ ముందే చెప్పి ఉంచండి. ఆ రాత్రి వీలైతే టార్చిలైటు పట్టుకొని వెంట వెళ్ళండి. గుడారంలోవాళ్ళ మాతృభాష ఏమిటో కూడా అడిగి రాయించండి.